తూర్పుకి చూసే వెదురు

యాంటెనా ఎక్కడ నిలబెట్టాలన్న దగ్గరే ఆ ఎండాకాలం మొదలైంది.

మా ఆయన సుబ్రోతో బడిపంతులు. బడి వదిలాక పొగాకు తోట, తోటపని అయ్యాక రేడియో. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకుంటే, ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి దీవుల వాళ్ళతోనో కబుర్లు చెప్పుకోవచ్చు. వంటింటి పక్క గదిలో బల్ల మీద ఆ పెట్టె ఉండేది. దాని తీగ చూరు కిందనుంచి బయటికొచ్చి పనసచెట్టుకీ పాకకీ మధ్య బట్టలారేసే తాడులా వేలాడేది. ఆ తీగకి అన్ని దిక్కులూ ఒకటే. అన్ని వైపులనుంచీ కాస్త కాస్త వినేది గానీ ఏదీ తేటగా వినేది కాదు.

వానలున్నంత కాలం ఆయన ఒక దిక్కుకే చూసే యాంటెనా గురించి ఆలోచించారు. చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని వినడం లాంటిదని బడిపిల్లలకి చెప్తుంటే విన్నాను. చెయ్యి ఎటు తిప్పితే అటువైపు మాట దగ్గరికొస్తుంది. వీపు వైపు మాట వినపడదు. ఆ సంగతి నాకైతే చెప్పలేదు. అప్పటికే మా ఇద్దరి మధ్యా పనికి అవసరమైన మాటలు తప్ప మిగతావి ఆగిపోయాయి.

పొగాకు ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే పట్నంనుంచి పా దిబ్యో వచ్చాడు. పా అంటే మా జావాలో గారు లాంటి మాట. ఆయనకి తెమంగుంగ్ బజారులో రేడియోలు బాగుచేసే కొట్టుంది. మాటకారి. చుట్టుపక్కల కొండల మీద రేడియో వాళ్ళందరికీ పెద్దన్నలాంటివాడు. ఎవరో వదిలించుకున్న అల్యూమినియం యాంటెనా ఒకటి తన దగ్గరుందనీ, కడ్డీలు నిగనిగలాడుతున్నాయనీ, మా ఆయనకైతే వాయిదాల మీద ఇస్తాననీ చెప్పాడు. ఇనప గడ ఎత్తి దానిమీద పెడితే తూర్పు దీవులన్నీ మా అరుగు మీదికొచ్చి కూర్చుంటాయన్నాడు. మా ఇల్లు సుంబింగ్ కొండ తూర్పు వాలు మీద ఉంది. పడమరంతా కొండ, తూర్పంతా ఖాళీ. ఇలాంటి చోటు దొరకాలంటే పెట్టి పుట్టాలి అంటూ ముంగిట్లో నిలబడి చేతులు చాచాడు.

అంత బరువు గాలికి నిలవాలంటే గడని మూడు వైపులా తీగలతో లాగి, నేలలో దిగ్గొట్టిన మేకులకి బిగించాలట. రెండు మేకులు ఎలాగోలా సర్దుకుంటాయి. మూడోది మాత్రం గుమ్మానికి ఎడమ పక్కనే పడాలి. ఇంకెక్కడ పెట్టినా చూరు అడ్డొస్తుంది. పా దిబ్యో అడుగులేసి కొలుచుకుంటూ వచ్చి సరిగ్గా ఆ చోట మేకు ఆనించి, సుత్తి పైకెత్తాడు.

నేను పొగాకు ఆరబోసే వెదురు తడకలు కడుగుతున్నాను. చేతిలో తడక చేతిలోనే ఉండిపోయింది.

మా పాప పుట్టినప్పుడు కాన్పులో పడిన మాయ అక్కడే ఉంది. కిందటి వానల్లో పుట్టింది పాప. ఆచారం ప్రకారం తండ్రే మాయని కడిగి, ఉప్పూ పసుపూ వేసి, కుండలో పెట్టాలి. సూది, దారం, ఒక చిన్న పెన్సిలు ముక్క కూడా వేశారాయన, చదువుకుంటుందని. ఆడపిల్ల కాబట్టి గుమ్మానికి ఎడమ పక్కన పాతిపెట్టి, పైన దీపం పెట్టి, బుట్ట బోర్లించారు. అయిదో రోజున పేరు పెట్టాలి. కోళ్ళు కూడా తెచ్చి కట్టేశారు. ఆ రోజు దాకా పాప ఉండలేదు. మా అత్తగారు దీపం ఆర్పేసి బుట్ట తీసేసింది. వానకి మట్టి అణిగిపోయింది. తెలియని వాళ్ళకి అది వట్టి ముంగిలి.

వద్దని అరవాలనుకున్నాను. మా ఆయన ఏమంటారా అని చూశాను.

"అక్కడొద్దన్నా," అన్నారు. "పొగాకు ఎండాల్సిన చోటది."

"తీగేమైనా పొగాకు తింటుందా తమ్ముడూ? దాని పక్కన ఆరబోసుకో," అన్నాడు పా దిబ్యో.

"ఎండ అక్కడే బాగా పడుతుంది," అని లోపలికెళ్ళిపోయారు.

నాకు ఊపిరి తిరిగింది. ఆ వెనకే మనసు చల్లబడిపోయింది. ఈయనకి గుర్తే లేదు, పాపని కాపాడింది పొగాకు అనుకున్నాను.

రెండు రోజులు ఆలోచించి అల్యూమినియం యాంటెనా వద్దని కబురు పంపారు. దాని బదులు వెదురుతో తనే కట్టుకుంటానన్నారు. గాలిపటం పుల్లల్లా నాలుగు గడలు తలో మూలకీ చాచి, వాటి చివర్లు కలుపుతూ చతురస్రంగా రాగితీగ చుట్టాలి. అలాంటివి రెండు ముందూ వెనకా నిలబెడితే అదీ ఒక దిక్కుకే చూస్తుంది. తేలిక కాబట్టి వంటింటి గోడకి ఆనించి కట్టిన గడ మీదే నిలుస్తుంది, తీగలు లాగక్కర్లేదు. కానీ పొట్టిగా ఉంటుంది, వానకి కుళ్ళుతుంది, ఏటేటా మళ్ళీ కట్టుకోవాలి. చేతికొచ్చిన మేలు సరుకు వదిలి వెదురు పట్టుకుంటాడేమిటని రేడియో వాళ్ళంతా నవ్వారు.

పా దిబ్యో మా అత్తగారి దగ్గర ఫిర్యాదు చేశాడు. "విమానం ఇస్తానంటే మీవాడు పిట్టల పంజరం కట్టుకుంటానంటున్నాడు సింబొక్."

మా వైపు పల్లెల్లో తల్లిని సింబొక్ అంటారు. ఊరందరికీ ఆవిడ సింబొక్కే. తమలపాకు నములుతూ నిదానంగా అంది, "పంజరమే నయం నాయనా. పిట్టని పెట్టుకుంటే అదైనా ఇంట్లో మాట్లాడుతుంది."

వెదురు నరికి తెచ్చి వాకిట్లో పడేశారు. నా పుట్టింటివాళ్ళు కొండకి అవతలి వాలు మీద బుట్టలూ తడకలూ అల్లుతారు. చిన్నప్పటి అలవాటు కొద్దీ కణుపులు దగ్గరగా ఉన్న గడలు ఏరి ఒక పక్కన పెట్టాను. ఆయన వచ్చి అవే తీసుకున్నారు. ఎవరు ఏరారని అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిలబెట్టే రోజున వీధివాళ్ళంతా సాయానికొచ్చారు. ఇల్లు కట్టినా కప్పు మార్చినా అంతే, ఎవరూ పిలవక్కర్లేదు. గోపురంలా పోసిన పసుపన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్లు మధ్యలో పెట్టి మసీదు పెద్ద ప్రార్థన చేశాడు. యాంటెనాకి ఏమని ప్రార్థించాలో ఆయనకి మొదట తోచలేదు. చివరికి ఈ ఇంటివాళ్ళ మాట దూరదూరాలకి చేరాలనీ, మేలుకబురే తిరిగి రావాలనీ అన్నాడు. అందరం ఆమీన్ అన్నాం.

"దూరం సంగతి దేవుడెరుగు. వంటింటిదాకా వస్తే చాలు," అంది మా అత్తగారు. అందరూ నవ్వారు. మా ఆయన అరిటాకులోకి చూస్తూ తిన్నారు.

గడ లేచాక పైన ఆ రెండు చతురస్రాలూ ఊగుతూ నిలబడ్డాయి. అటూ ఇటూ తిప్పడానికి మోటారు లేదు. గడ అడుగున పాత సైకిలు హ్యాండిలు బిగించారు. దాన్ని పట్టుకుని తిప్పితే గడంతా తిరుగుతుంది. కావలసిన దిక్కుకి రాగానే కన్నంలో చీల దూర్చేస్తే కదలదు. ఆయన లోపల రేడియో దగ్గర కూర్చుంటే బయట తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి నేనేనని ఎవరూ చెప్పలేదు. మర్నాడు సాయంత్రం వంటింటి కిటికీలోంచి, "కాస్త తూర్పుకి," అని వినపడింది. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. వెళ్ళి తిప్పాను.

"ఇంకాస్త. ఇంకాస్త. ఆపు."

చీల దూర్చి లోపలికొచ్చేశాను.

పిలుపు గురించి ఒక మాట చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను వార్సీ అని పేరుతో పిలిచేవారు. పాప పుట్టిన రోజున మొదటిసారి బునే అన్నారు. పిల్ల తల్లీ అని దానర్థం. మా జావాలో బిడ్డ పుడితే భార్యాభర్తల పిలుపులు మారిపోతాయి, ఇంక వెనక్కి పోవు. పాప పోయాక ఆ పిలుపు ఆయన నోట రాలేదు. పాత పిలుపూ రాలేదు. అప్పటినుంచీ నన్ను ఏమనీ పిలిచేవారు కాదు. ఎదురుగా ఉంటే "ఇదిగో" అనేవారు, లేకపోతే నేను వచ్చేదాకా ఊరుకునేవారు. నేనూ అంతే.

అలా ఎన్నాళ్ళని ఉండగలం? తడకలు అమ్మడానికి మా పుట్టింటి ఊరినుంచి వచ్చినతని చేత మా అన్న పర్మిన్‌కి కబురు పెట్టాను, పొగాకు ఆఖరి కోత కాగానే వచ్చి తీసుకెళ్ళమని. ఎన్నాళ్ళకని చెప్పలేదు. అన్న అడిగే రకం కాదు. కోత మధ్యలో వెళ్తే మా అత్తగారొక్కతే చేసుకోలేదని ఆ మాత్రం ఆగాను.

కోతలు మొదలయ్యాయి. అడుగు ఆకులు ముందు, ఆ తర్వాత నడిమివి, చివర్న తలలోవి. కోసిన ఆకు చుట్టి మగ్గబెట్టి, సన్నగా తరిగి, తడకల మీద పరిచి ఎండబెట్టాలి. ఊరంతా ముంగిళ్ళూ కప్పులూ బాటల పక్కలూ తడకలే. మబ్బు పడితే అందరం ఒకేసారి ఆకాశంకేసి చూసేవాళ్ళం. గుమ్మానికి ఎడమ పక్కన తడకలు పరిచేది నేనే. ఆయన వచ్చి వాటిని ఇంకో పక్కకి జరిపి పోతుండేవారు. నాకు అది చాదస్తంగా తోచేది. ఎండ అక్కడే బాగా పడుతుందని తనే అన్నారు కదా!

సాయంత్రం అవగానే కిటికీ. తూర్పుకి, కాస్త ఉత్తరానికి, ఆపు. రోజు మొత్తంలో ఆయన నాతో అనే మాటలు అవే. మా దగ్గర ఎండాకాలమంటే వానల్లేని కాలమే, ఆ రోజుల్లో కొండమీద చలి ఎముకలు కొరుకుతుంది. హ్యాండిలు పట్టుకుంటే అరచేతికి మంచు అంటుకున్నట్టుండేది. లోపల ఆయన గొంతు మాత్రం వేరే మనిషిదిలా ఉండేది. నవ్వేవారు, పేర్లు పెట్టి పిలిచేవారు, అక్కడ వానలెలా ఉన్నాయి, చేపలు పడుతున్నాయా అని అడిగేవారు. సముద్రం అవతల మకస్సార్‌లో ఎవరిదో మోకాలి నొప్పి ఆయనకి తెలుసు. నా చేతులు పగిలి నెత్తురు వస్తున్న సంగతి తెలుసో లేదో!

"పెళ్ళాన్ని గానుగెద్దు చేశాడు," అంది మా అత్తగారు ఒక రోజు నా చేతులకి కొబ్బరినూనె రాస్తూ. తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్ళ నాన్న కూడా అంతేనే అమ్మాయ్. నలుగురిలో నోరు, ఇంట్లో తాళం. నేను కూడా వెళ్ళిపోదామనుకున్నా."

"మరి వెళ్ళలేదే?"

"ఎవరు తీసుకెళ్తారు? నాకు అన్నలు లేరుగా," అని నూనె సీసా మూత బిగించింది. అంటే కబురు సంగతి ఆవిడకి తెలుసు. కొడుక్కి చెప్పలేదు. నన్ను ఆగమనీ అనలేదు.

ఆయన అందరికంటే ఎక్కువగా మాట్లాడేది హల్మహేరా దీవిలో ఉండే పా ఓబెద్‌తో. అతను ఆ దీవిలో చర్చివాళ్ళ ఆస్పత్రిలో కంపౌండరు. గొంతు బొంగురుగా, నిదానంగా ఉండేది. మా దగ్గర సాయంత్రమయ్యేసరికి అక్కడ రాత్రి భోజనాలు అయిపోయేవి. అతని గొంతు దొరకాలంటే గడ తూర్పుకి, కొద్దిగా ఉత్తరం మొగ్గుతో ఉండాలి. కొన్నాళ్ళకి ఆయన చెప్పకముందే నా చేతులకి ఆ దిక్కు తెలిసిపోయింది. అయినా చెప్పేదాకా ఆగేదాన్ని. చెప్పకపోతే ఆ రెండు మాటలు కూడా ఉండవు.

ఆఖరి కోత ఎండిన రోజున అన్న వచ్చాడు. ఎవరో పొగాకు కొనుగోలుదారు బండిలో కూర్చుని వచ్చాడు. మొక్కజొన్న అన్నం, ఎండుచేప కూర తిన్నాక, మా ఆయనతో నిదానంగా చెప్పాడు, అమ్మకి ఒంట్లో బాగుండటం లేదు, వార్సీని కొన్నాళ్ళు ఉంచుకుంటాం, తెల్లారాక ఆ బండిలోనే వెళ్తామని. నేను తలుపు చాటున నిలబడ్డాను.

ఎన్నాళ్ళని అడుగుతారేమో అనుకున్నాను. అమ్మకేం జబ్బని అడుగుతారేమో అనుకున్నాను.

"సరే," అన్నారు.

ఆ ఒక్క మాటే. లేచి చెయ్యి కడుక్కుని రేడియో గదిలోకి వెళ్ళిపోయారు. కొద్దిసేపటికి కిటికీలోంచి, "తూర్పుకి," అని వినపడింది. వెళ్ళకూడదనుకున్నాను. ఇదే ఆఖరు కదా అని వెళ్ళాను.

పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది. తూర్పున మెర్బాబు కొండ మీద ఇంకా కొంచెం ఎరుపుంది. గడ తిప్పాను. ఆపు అన్నారు. చీల దూర్చాను. మామూలుగా అయితే అక్కడినుంచి వెళ్ళిపోతాను, ఆయన లెక్క కూడా అదే. ఆ పూట లోపలికెళ్తే ముందు గదిలో అన్న, వంటింట్లో మా అత్తగారు. ఇద్దరి మొహాలూ చూడాలనిపించలేదు. గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాను.

పా ఓబెద్ పలికాడు. ఇద్దరూ వాతావరణం అయ్యాక యాంటెనాల మీద పడ్డారు. తను కూడా ఒకటి కొనాలనుకుంటున్నాననీ, అల్యూమినియం మంచిదా వెదురు మంచిదా అనీ అడిగాడు. "మీకు అల్యూమినియంది చేతిదాకా వచ్చి కూడా వదిలేశారని విన్నాను. అందులో ఏం లోపముంది పంతులుగారూ? నాకు చెప్తే నేనూ జాగ్రత్తపడతాను."

రేడియో బుసబుసమంటూ ఉంది.

"లోపమేం లేదు. చాలా మంచి యాంటెనా," అన్నారు చివరికి. "దానికి తీగలు లాగాలి. ఒక మేకు గుమ్మానికి ఎడమ పక్కన పడుతుంది. అక్కడ మా పాప మాయ పాతిపెట్టాను. పాప లేదు. అయినా నా చేతుల్తో పెట్టిన చోట సుత్తి దెబ్బ వెయ్యనివ్వలేకపోయాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొగాకు కోసమని చెప్పాను."

నేను గోడ పట్టుకున్నాను.

అవతలనుంచి పా ఓబెద్ మాట్లాడాడు. తమ వైపు మాయ పెట్టిన చోట కొబ్బరిమొక్క నాటుతారట. తన కొడుకు చెట్టు ఇప్పుడు ఇంటి కప్పు దాటి పోయిందట. కొడుకు మలేరియాతో పోయి ఎన్నో ఏళ్ళయింది. "కాయలు దింపుతాం. ఇంట్లోనే వాడుకుంటాం, బయటికి అమ్మం. మా ఆవిడ ఆ చెట్టు కింద ఊడవనిదే…"

కొండమీదనుంచి గాలి ఒక్కసారిగా దిగింది. వారం రోజులుగా చీల కన్నం అరిగి వదులుగా ఉంది. చీల ఊడి కిందపడింది. పైన వెదురు చతురస్రాలు తెరచాపల్లా గాలి పట్టుకుని దక్షిణానికి తిరిగిపోయాయి. పా ఓబెద్ గొంతు సన్నబడి, సన్నబడి, బుసలో కలిసిపోయింది.

"పా ఓబెద్, వినపడటం లేదు. మళ్ళీ చెప్పండి. మళ్ళీ చెప్పండి," అంటున్నారు లోపల. నన్ను పిలవలేదు. నేను అక్కడ లేననుకుంటున్నారు.

హ్యాండిలు అందుకుని వెనక్కి లాగాను. గాలి అటు లాగుతోంది, నేనిటు. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, ఒళ్ళంతా దాని మీదికి వంచి, తూర్పుకి, కొద్దిగా ఉత్తరానికి తెచ్చి పట్టుకున్నాను. గొంతు మళ్ళీ పైకి తేలింది. దగ్గరగా, పక్కగదిలో ఉన్నట్టు.

"…మీ ఆవిడతో చెప్పారా ఈ మాట? మీ వంతు."

రేడియోలో ఒకరు మీ వంతు అని వదిలితేనే రెండోవాళ్ళు మాట్లాడాలి. పక్కకి పోయిన గడ దానంతటది వెనక్కి తిరగదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

కుర్చీ కిర్రుమంది. కిటికీ దగ్గరికొస్తారేమో అనుకున్నాను, రాలేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతు రేడియోలో మాట్లాడే గొంతులా లేదు. తగ్గిపోయింది. కానీ ఒక్కో మాటా గోడ ఇవతలికి వినపడేలా అన్నారు.

"చెప్పలేదు. నన్ను చూస్తే బునేకి ఆ రోజులు గుర్తొస్తాయని, ఎదురుపడకుండా ఉంటే తనే తేరుకుంటుందని అనుకున్నా. పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియలేదు. సాయంత్రం పూట తను వచ్చి గడ తిప్పుతుంది. ఆ కాసేపు కిటికీ అవతల ఉంటుంది. మీ అందరితో నేను మాట్లాడేది కొంత దానికోసమే, అది మీకు చెప్పకపోవడం అన్యాయం. రేపు తను పుట్టింటికి వెళ్తోంది. తిరిగి వస్తుందనుకోను. వాళ్ళన్న చెప్తే సరే అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. మీ వంతు."

గాలికి గడ జారకుండా హ్యాండిలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"పంతులుగారూ," అన్నాడు పా ఓబెద్. "నేను సముద్రాలకి అవతల ఉన్నాను. ఇంత దూరం చెప్పినవాళ్ళు…"

అతను ఇంకా ఏదో అంటున్నాడు. నేను హ్యాండిలు వదిలేశాను.

వంటింట్లోకి వచ్చాను. మా అత్తగారు పొయ్యి దగ్గర కూర్చుని నిప్పులు ఎగదోస్తోంది, తలెత్తలేదు. ఆవిడ పక్కనున్న కూర్చునే పీట తీసుకుని రేడియో గదిలోకి వెళ్ళాను. పెళ్ళయ్యాక ఊడవడానికి తప్ప ఆ గదిలో అడుగు పెట్టలేదు నేను. ఒకటే కుర్చీ ఉండేది. పీట గోడ పక్కన వేసుకుని కూర్చున్నాను.

బయట గాలి గడని తనిష్టం వచ్చినట్టు తిప్పుతోంది. పా ఓబెద్ గొంతు వచ్చి పోతూ, వచ్చి పోతూ, కాసేపటికి పూర్తిగా పోయింది. వెళ్ళి తిప్పమని ఆయన అనలేదు. అతనికి మర్యాదగా సెలవు చెప్పారు, వినపడిందో లేదో. మీట తిప్పి పెట్టె ఆర్పేశారు. అందులో ఎర్రదీపం ఆరిపోయాక గదిలో చీకటి పెరిగినట్టయింది. అంత దగ్గరగా ఇద్దరం కూర్చుని చాలా కాలమైంది. ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన బల్ల మీద వేలితో దుమ్ము గీస్తూ ఉండిపోయారు. ఆ ఊపిరి చప్పుడు వింటూ, ఈ మనిషి ఇంతకాలం ఈ గదిలో ఇంత ఒంటరిగా ఉన్నాడా అనిపించింది. నేను కూడా గోడకి ఇవతల అంతే ఉన్నాను. అది తెలిసినంత మాత్రాన ఒంటరితనం తగ్గదు.

"పేరేమనుకున్నారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయనకి వెంటనే అర్థమైంది. "అనుకోలేదు. నువ్వు చెప్తావని చూశాను. నలుగురూ వచ్చాక నిన్నడుగుదామనుకున్నా."

నేనేమో ఆయన పుస్తకాలు చదివిన మనిషి, ఏదో మంచి పేరు చూసి ఉంచారని అడగకుండా ఊరుకున్నాను. కానీ పాపని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నాలో నేను ఒక పేరుతో పిలుస్తూ ఉండేదాన్ని. పాలు తాగి నిద్రపోయేటప్పుడు, ఎవరూ లేకుండా చూసి. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. పాప తప్ప ఎవరూ వినలేదు.

"రినెంగా," అన్నాను.

రేడియో వాళ్ళకి ఒక అలవాటుంది. కొత్త పేరు వినగానే, దూరం మాట కదా, తప్పు పోకుండా తిరిగి చెప్పి సరిచూసుకుంటారు. ఆయన దాన్ని నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి పలికారు. పలికి, సరిగ్గా అందిందా అన్నట్టు మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"సరిగ్గానే విన్నారు," అన్నాను.

ముందు గదిలోంచి అన్న కేకేశాడు, తెల్లారగానే బండి వస్తుంది, బట్టలు సర్దుకున్నావా అని. ఆయన నాకేసి చూడకుండా ఆర్పేసిన పెట్టెకేసి చూస్తున్నారు. సర్దుకోలేదని అన్నకి వినపడేలా చెప్పి, పీట మీదే ఉండిపోయాను.